‘సీసం లేదు’ అని రాసిన రిపోర్టుని ఎలా చదవాలి?

(ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ విభాగం పెట్టిన సభలో, నీటి పరీక్షల ల్యాబులో చాలాకాలం పనిచేసిన ఒక ఎనలిస్టు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకు వినబడుతోందా? సరే. ముందు వరసలో మేష్టార్లున్నారు, వాళ్ళకు తెలియనిది నేను చెప్పేదేమీ లేదు, అందుకని నేను పిల్లలతోనే మాట్లాడతాను, వాళ్ళు ఏమీ అనుకోకూడదు.

మీలో ఎంతమంది ఇంటికి వాటర్ ఫిల్టర్ అమ్మేవాళ్ళు వచ్చారు? చేతులెత్తండి. దాదాపు అందరూ! అతనేం చేస్తాడు? ముందు జేబులోంచి చిన్న మీటరు తీసి మీ గ్లాసులో ముంచి, 650 అని చూపిస్తాడు. మీ అమ్మగారికి టెన్షన్ మొదలవుతుంది. తర్వాత కడ్డీలున్న ఇంకో పెట్టె తీస్తాడు. ఒక గ్లాసులో మీ బోరు నీళ్ళు, ఇంకో గ్లాసులో తన ఫిల్టర్ నీళ్ళు పోసి, కడ్డీలు ముంచి స్విచ్ వేస్తాడు. రెండు నిమిషాల్లో మీ నీళ్ళు ఆకుపచ్చగా, ఆ తర్వాత బురద రంగుగా తిరిగి పైన తెట్టు కడతాయి, ఫిల్టర్ నీళ్ళు మాత్రం అలాగే ఉంటాయి. ‘చూశారా అమ్మా, మీరు రోజూ తాగేది ఇదే’ అంటాడు.

కెమిస్ట్రీ పిల్లలు కదా, చెప్పండి, ఆ రంగు ఎక్కడిది? నీళ్ళలోదా? ... ఆ అమ్మాయి చెప్పింది, కడ్డీది అని. కరెక్ట్. ఇనుప కడ్డీ యానోడ్ అయి కరిగి హైడ్రాక్సైడుగా దిగుతోంది, అంతే. ఫిల్టర్ నీళ్ళలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు. ఆ ఫిల్టర్ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ చేయమనండి, అదీ బురదే అవుతుంది. అతను సామాను సర్దుకుంటాడు.

మొదటి మీటరు సంగతి వేరు. అది మోసం కాదు, కానీ అది కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతోందన్నది. ఆ పారే కరెంటంతా సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడు, బైకార్బొనేటు, వీటి పుణ్యమే. అది లీటరుకు 500 మిల్లీగ్రాములు చూపించిందనుకోండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సీసానికి పెట్టిన హద్దు ఎంత? లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే ఆ 500లో యాభై వేలో వంతు. మీటరులో చివరి అంకె ఒకటి, ఇక్కడ మనం వెతికేది ఆ ఒకటిలో నూరో వంతు. సీసం హద్దుకి పది రెట్లు ఉన్నా ఆ మీటరుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మీటరు 80 చూపించిందని నీళ్ళు మంచివని అనుకోవడమూ, 650 చూపించిందని విషమని అనుకోవడమూ, రెండూ తప్పే.

అది ఫిల్టరు అమ్మేవాడి మీటరు, సరే. మరి పెద్ద ల్యాబు రిపోర్టు? స్టాంపు వేసి, సంతకం పెట్టి, ‘సీసం: బీడీఎల్’ అని ఇస్తారు చూడండి, డిటెక్షన్ లిమిట్ కంటే తక్కువ అని. ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే అందరూ ‘హమ్మయ్య, లేదట’ అంటారు. లేదని ఎవరన్నారు? ఏ పద్ధతిలో చూసి అన్నారు? ఇవాళ నేను చెప్పదలచుకున్నది మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే. నీళ్ళలో లోహాలు కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి, ప్రతి పద్ధతికీ తన చూపు ఎంతవరకు ఆనుతుందో ఒక గీత ఉంటుంది, ఆ గీతకు కింద ఉన్నదాన్ని అది ‘లేదు’ అనే చెబుతుంది. అబద్ధం కాదది. దానికి కనబడదు, అంతే.

ముందు లెక్క సరిచూసుకుందాం, ఇది తేలకపోతే మిగతాదంతా గాలిలో మాట. లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము ఉంటే పీపీఎం అంటాం. అందులో వెయ్యో వంతు, ఒక మైక్రోగ్రాము, పీపీబీ. సీసం హద్దు 10 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్‌కీ అంతే. కాడ్మియం 3, పాదరసం 1. కాఠిన్యం, అదే హార్డ్‌నెస్, దానికి 200 మిల్లీగ్రాములు, వేరే నీటి దారి లేకపోతే 600 వరకు. ఇక్కడే చూడండి, 600 మిల్లీగ్రాములు ఒక పక్క, 1 మైక్రోగ్రాము ఇంకో పక్క. ఆరు లక్షల రెట్ల తేడా. ఒకే పనిముట్టు ఈ రెంటినీ కొలుస్తుందని ఎలా అనుకుంటాం?

బ్యూరెట్‌తో, అంటే ద్రావణాన్ని చుక్క చుక్కగా కొలిచి వదిలే గాజు గొట్టంతో మొదలుపెడదాం, మీ అందరి చేతికీ అలవాటైనది. 50 మిల్లీలీటర్ల బోరు నీళ్ళు, అమోనియా బఫర్ వేసి పీహెచ్ 10కి తెచ్చి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే ఇండికేటర్ చిటికెడు. ద్రాక్షరసం రంగు వస్తుంది. లోహాల్ని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం చుక్క చుక్కగా వదులుతుంటే ఆ ఎరుపు కాస్త వంకాయ రంగుకి తిరిగి, చివర ఒక్క చుక్కకి శుభ్రంగా నీలం. 0.01 మోలార్ ఈడీటీఏ ఒక మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేటు, కాబట్టి రీడింగుని ఇరవైతో గుణిస్తే కాఠిన్యం వచ్చేస్తుంది. 22.4 వచ్చిందనుకోండి, 448. మీ ఇంట్లో పప్పు ఎందుకు ఉడకట్లేదో, గీజరు రాడ్‌కి ఆ తెల్ల పెచ్చు ఎక్కడిదో తెలిసిపోయింది, అయిన ఖర్చు ఏమీ లేదు. జూరిక్‌లో ష్వార్జెన్‌బాక్ 1940ల్లో ఈ ఈడీటీఏ టైట్రేషన్ కనిపెట్టేదాకా కాఠిన్యం కొలవడానికి సబ్బు ద్రావణం పోసి సీసా ఊపి, నురగ నిలబడుతుందా లేదా అని చూసేవాళ్ళు. నురగ! దానితో పోలిస్తే ఇది ఎంత సుఖమో ఆలోచించండి.

ఇప్పుడు ఇదే బ్యూరెట్‌తో సీసం కొలుద్దామా? ఈడీటీఏ సీసాన్ని కాల్షియం కంటే గట్టిగానే పట్టుకుంటుంది, అభ్యంతరం లేదు. లెక్క వేయండి. 50 మిల్లీలీటర్లలో హద్దు మేరకు సీసం ఉంటే అర మైక్రోగ్రాము. దానికి కావలసిన ఈడీటీఏ? సుమారు పావు మైక్రోలీటరు. బ్యూరెట్ చుక్క 50 మైక్రోలీటర్లు. అంటే చుక్కలో రెండు వందలో వంతు వదలాలి. ఎవరైనా వదలగలరా? ఈ పద్ధతి ‘సీసం లేదు’ అంటే ఎవరం నమ్మం, ఎందుకంటే చుక్క మన కంటికి కనిపిస్తోంది. మెషీన్ విషయంలో చుక్క కనబడదు, స్క్రీను మీద దశాంశాలు కనబడతాయి, నమ్మేస్తాం. నా గొడవంతా అదే.

రంగు పద్ధతుల గురించి త్వరగా చెప్పేస్తాను. ఇనుముకి ఫెనాంత్రోలిన్ వేస్తే నారింజ ఎరుపు, 510 నానోమీటర్ల దగ్గర చదువుతాం, కాకపోతే ముందు హైడ్రాక్సిలమీన్ వేసి ఇనుముని ఫెర్రస్‌గా మార్చుకోవాలి, లేకపోతే సగం ఇనుమే రంగు ఇస్తుంది. ఈ పని ఏ జూనియర్ కాలేజీ ల్యాబులోనైనా జరుగుతుంది, పదో వంతు మిల్లీగ్రాము వరకు హాయిగా చూడొచ్చు. ఇనుముకి అంతకంటే ఏం కావాలి? సీసానికి కూడా రంగు పద్ధతి ఉండేది, డైథైజోన్. ఆకుపచ్చ ద్రావణం సీసాన్ని పట్టుకుని క్లోరోఫాంలోకి చేరి ఎర్రబడుతుంది. పెద్ద నీళ్ళలోంచి చిన్న క్లోరోఫాంలోకి లాగుతాం కాబట్టి మైక్రోగ్రాములు కూడా దొరికేవి. కాకపోతే జింకు, రాగి అడ్డం రాకుండా సయనైడు వేయాలి. మా పై తరం వాళ్ళు సెపరేటింగ్ ఫన్నెల్ పక్కన సయనైడు సీసా పెట్టుకుని రోజంతా ఆ పని చేసేవారు. వాళ్ళకు దణ్ణం.

క్రోమియంకి మాత్రం రంగు పద్ధతి ఇప్పటికీ తీసిపారేసేది కాదు. డైఫినైల్ కార్బజైడు వేస్తే ఆరు వేలెన్సీ క్రోమియం మాత్రమే గులాబి ఊదా రంగు ఇస్తుంది, మూడు వేలెన్సీది ఇవ్వదు. విషం ఎక్కువ ఆరుకి. నేను ఇప్పుడు చెప్పబోయే ఖరీదైన మెషీన్లు మామూలుగా రెంటినీ కలిపి ‘క్రోమియం ఇంత’ అంటాయి, ఏది ఎంతో చెప్పవు. చౌక పద్ధతి చెప్పగలిగి ఖరీదైన పద్ధతి చెప్పలేని సందర్భం ఇది, గుర్తుపెట్టుకోండి.

ఇక మంట. బున్సెన్, కిర్కాఫ్ 1860లో మంటలో రంగుగీతలు చూసి సీజియం కనిపెట్టారు, మరుసటి ఏడు రుబీడియం. సోడియం పసుపు, పొటాషియం లేత ఊదా, మీరూ ఫ్లేమ్ టెస్టు చేశారు. అయితే వందేళ్ళ పాటు అందరూ చూసింది మంటలో పరమాణువు వెలిగే వెలుగునే. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో సీఎస్ఐఆర్‌ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసే అలన్ వాల్ష్ 1952లో, ఆదివారం పూట తోటపని చేసుకుంటుంటే తట్టిందట, మనం చూడాల్సింది వెలుగుని కాదు, పరమాణువులు మింగే వెలుగుని అని. ఎందుకు? మంటలో ఉన్న పరమాణువుల్లో ఉత్తేజితమై వెలిగేవి చాలా కొద్ది. జింకు లాంటి వాటిలో కోటికొకటి కూడా ఉండదు. మిగతావన్నీ కిందిమెట్టు మీద ఊరికే కూర్చుని ఉంటాయి. వెలిగే ఒకదాన్ని చూసే బదులు కూర్చున్న కోటినీ వాడుకోవచ్చు కదా! సీసంతోనే చేసిన దీపం పెట్టి ఆ వెలుగుని మంటలోంచి పంపితే, మంటలో ఉన్న సీసం తన వెలుగుని తానే మింగుతుంది, మిగతా లోహాలు దాని జోలికి రావు. ఏఏఎస్, అటామిక్ అబ్సార్ప్షన్. 1955లో పేపరు వచ్చింది. మెషీన్లు తయారుచేసేవాళ్ళు చాలా ఏళ్ళు పట్టించుకోలేదు, ఆ తర్వాత ప్రపంచంలో ఏఏఎస్ లేని ల్యాబు లేదు.

మన దగ్గర కూడా చాలా ల్యాబుల్లో ఉండేది ఫ్లేమ్ ఏఏఎస్సే. మంచి మెషీన్, నేను చాలాకాలం దాని ముందే కూర్చున్నాను, దాన్ని తిట్టను. జింకు, రాగి, మాంగనీసు, ఇనుము, వీటికి ఇవాళ్టికీ భేష్. కానీ సీసానికి దాని చూపు మామూలుగా 50 మైక్రోగ్రాముల దరిదాపుల్లో ఆగిపోతుంది. కొత్త మెషీన్ అయితే ఇంకాస్త కిందికి వెళ్ళొచ్చు, నమ్మకంగా అంకె చెప్పాలంటే మాత్రం ఇంకా పైన ఉండాలి. హద్దు ఎంత? పది. ఇప్పుడు మీరే చెప్పండి, మీ నీళ్ళలో 40 ఉంది, హద్దుకి నాలుగు రెట్లు, ఫ్లేమ్‌లో పెట్టారు. రిపోర్టు ఏమొస్తుంది? ... అవును. బీడీఎల్. స్టాంపు, సంతకం, హమ్మయ్య.

ఈ గీత ఎలా గీస్తారో చెబుతాను, ఇది క్లాసులో ఫార్ములాగా చెప్పి వదిలేస్తారు. సీసం ఏమాత్రం లేని శుద్ధమైన నీళ్ళు, కాస్త యాసిడ్ వేసి, మెషీన్‌కి ఇవ్వండి. సున్నా రావాలి కదా? రాదు. ఒకసారి 3 వస్తుంది, ఒకసారి మైనస్ 5, ఒకసారి 8, మైనస్ 2. దీపం కాస్త అల్లాడుతుంది, మంట అల్లాడుతుంది, ఎలక్ట్రానిక్స్ అల్లాడుతుంది. మైనస్ సీసం ఏమిటండీ అని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు, నవ్వాల్సింది లేదు, అది మెషీన్ నిజాయితీ. మైనస్ రానివ్వకుండా సున్నా చేసి చూపించే సాఫ్ట్‌వేర్‌ని చూసే భయపడాలి. ఇలా పదిసార్లు ఆ ఉత్త నీళ్ళని, అంటే బ్లాంకుని, కొలిచి, ఆ అంకెలు ఎంత చెదిరాయో, అంటే స్టాండర్డ్ డీవియేషన్, దానికి మూడు రెట్లు తీసుకుంటే అది డిటెక్షన్ లిమిట్. దాని పైన ఏదైనా వస్తే ‘ఏదో ఉంది’ అనొచ్చు. ‘ఇంత ఉంది’ అని అంకె చెప్పాలంటే పది రెట్లు కావాలి. ఈ లెక్కలో మీ నీళ్ళ ప్రస్తావన ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. డిటెక్షన్ లిమిట్ మెషీన్ గురించి, ఆ రోజు దాన్ని నడిపినవాడి చేతి శుభ్రత గురించి చెప్పే అంకె. అందుకే బీడీఎల్ అని రాసినప్పుడు పక్కనే ఆ లిమిట్ ఎంతో రాయాలి. రాయకపోతే అది ఫలితమే కాదు, నా దృష్టిలో.

మరి పది దగ్గర ఏది పనికొస్తుంది? ఒకటి గ్రాఫైట్ ఫర్నేస్. లెనిన్‌గ్రాడ్‌లో ల్వోవ్ 1959లో మొదలుపెట్టిన దారి. మంటలో నీళ్ళు చిమ్మితే సీసం క్షణంలో ఎగిరిపోతుంది. దాని బదులు వేలెడంత కూడా లేని గ్రాఫైటు గొట్టంలో 20 మైక్రోలీటర్లు పెట్టి, ముందు ఆరబెట్టి, తర్వాత కాల్చి చెత్త పోగొట్టి, ఆఖరున ఒక్కసారిగా దాదాపు 2000 డిగ్రీలకి తీసుకెళితే సీసమంతా ఆ గొట్టంలోనే ఒక క్షణం నిలబడి వెలుగు మింగుతుంది. ఒక మైక్రోగ్రాము, ఇంకా కిందికి, సుఖంగా చూస్తాం. కానీ ఒక్కో శాంపిలుకి కొన్ని నిమిషాలు, ఒక్కసారికి ఒకే లోహం. ఓపికుండాలి.

రెండోది ఐసీపీ, అంటే ఇండక్టివ్లీ కపుల్డ్ ప్లాస్మా. 1960ల మధ్యలో ఇంగ్లండులో గ్రీన్‌ఫీల్డ్, అమెరికా అయోవాలో ఫాసెల్, విడివిడిగా ఆర్గాన్ ప్లాస్మాని, అంటే అయాన్లుగా విడిపోయేంత వేడెక్కిన ఆర్గాన్ వాయువుని, పనిలో పెట్టారు. ఆరు వేల నుంచి పది వేల డిగ్రీలు. అంత వేడిలో లోహాలన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఒకేసారి చదవొచ్చు. వెలుగు చదివితే ఐసీపీ-ఓఈఎస్, సీసానికి కొన్ని మైక్రోగ్రాముల దాకా చూస్తుంది, పది దగ్గర కాస్త అంచున నడక. ఆ ప్లాస్మాలోంచి వచ్చే అయాన్లని తూచితే ఐసీపీ-ఎంఎస్, 1980లో ఫాసెల్ ల్యాబు నుంచే, హౌక్ మొదటి రచయితగా వచ్చింది. అది మైక్రోగ్రాములో వెయ్యో వంతు కూడా చూడగలదు. హైదరాబాదులో ఎన్‌జీఆర్ఐ, అదే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, వాళ్ళు 1990ల నుంచీ రాళ్ళలో, భూగర్భజలాల్లో లోహాలు దీనితోనే కొలుస్తున్నారు.

అంత మెషీన్ ఉంటే ఇక నిశ్చింతేనా? కాదు, ఆర్సెనిక్ సంగతి చూడండి. దాని ద్రవ్యరాశి 75, ప్రకృతిలో దానికి ఒకటే ఐసోటోపు, అంటే ఒకే బరువున్న రకం. మీ శాంపిల్లో క్లోరైడు ఉంది, మన బోరు నీళ్ళలో ఉండకపోతే ఎక్కడుంటుంది? ప్లాస్మా ఆర్గాన్ 40, క్లోరిన్ 35 అంటుకున్నాయి. ఎంత? 75. లేని ఆర్సెనిక్ ఉన్నట్టు కనిపిస్తుంది! సీసానికైతే 206, 207, 208 మూడూ ఉన్నాయి, ఒకదాన్ని ఇంకోదానితో సరిచూసుకోవచ్చు, ఆర్సెనిక్‌కి పారిపోయే చోటు లేదు. ఇప్పుడు మెషీన్లలో హీలియం నింపిన సెల్ పెట్టి ఆ జంటని వడగడుతున్నారు, అది ఆన్ చేశారా లేదా అన్నది నడిపేవాడి చేతిలో ఉంది.

ఇంకోటి చెప్పాలి, దీన్ని మనవాళ్ళు తక్కువ చేస్తారు. ప్రాగ్‌లో హెయ్‌రోవ్‌స్కీ 1922లో పాదరసం చుక్కతో పోలరోగ్రఫీ, అంటే కరెంటుని బట్టి కొలిచే పద్ధతి, మొదలుపెట్టాడు, 1959లో నోబెల్ వచ్చింది. దాని మనవరాలు స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ. ఎలక్ట్రోడ్‌ని మైనస్ ఒక వోల్టు దగ్గర పెట్టి నీళ్ళని కలుపుతూ కొన్ని నిమిషాలు ఊరుకుంటే, నీళ్ళలో ఉన్న సీసం కొంచెం కొంచెంగా వచ్చి ఎలక్ట్రోడ్ మీద చేరుతుంది. తిరుమల హుండీ అనుకోండి, వేసేవాళ్ళు రూపాయి రూపాయి వేస్తారు, లెక్క మాత్రం పరకామణిలో ఒక్కసారి కూర్చుని చేస్తారు. అలాగే చేరిందంతా, వోల్టేజీ పైకి తీసుకెళ్ళినప్పుడు ఒక్కసారిగా వదిలి కరెంటు శిఖరం ఇస్తుంది. కాడ్మియం ముందు, సీసం తర్వాత, రాగి ఇంకా తర్వాత. పది మైక్రోగ్రాములు చూడటం దీనికి కష్టమే కాదు, పెట్టె చిన్నది, ఐసీపీతో పోలిస్తే ధర చాలా తక్కువ, జీపులో వేసుకుని ఊరికి వెళ్ళొచ్చు. అయితే నీళ్ళలో స్వేచ్ఛగా ఉన్న సీసాన్నే అది పట్టుకుంటుంది, మట్టికి, సేంద్రియ పదార్థాలకి అంటుకున్నదాన్ని ముందు యాసిడ్‌తో విడగొట్టి ఇవ్వాలి.

మెషీన్ల సంగతి చాలు. అసలు దొంగ మెషీన్‌లో లేడు, సీసాలో ఉన్నాడు.

బోరు నీళ్ళు పట్టినప్పుడు తేటగా ఉంటాయి. గంట ఆగి చూడండి, పసుపుబారి అడుగున తుప్పు దిగుతుంది. గాలి తగిలి ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్ అయింది. ఆ తుప్పు ఒక్కటే దిగదు, సీసాన్ని, ఆర్సెనిక్‌ని తనకి అంటించుకుని మరీ దిగుతుంది. మిగిలింది సీసా గోడకి అంటుకుంటుంది. ఎవరో ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో నీళ్ళు పట్టి, రెండ్రోజులు సంచిలో తిప్పి, ల్యాబుకి తెస్తారు. పైన తేట నీళ్ళు పిపెట్‌తో తీసి కోటి రూపాయల మెషీన్‌కి ఇస్తే ఏమొస్తుంది? బీడీఎల్! అది మెషీన్‌కి అందనే లేదు. అందుకే పట్టిన వెంటనే నైట్రిక్ యాసిడ్, లీటరుకు సుమారు ఒకటిన్నర మిల్లీలీటరు, పీహెచ్ 2 కంటే కిందికి. అప్పుడు లోహాలు కరిగే ఉంటాయి, నెలల తరబడి నిలవుంటాయి. కరిగినదెంతో విడిగా కావాలంటే 0.45 మైక్రోమీటర్ల ఫిల్టరులో వడగట్టి, ఆ తర్వాతే యాసిడ్. ఈ వరస తారుమారైతే ప్రశ్నే మారిపోతుంది.

ఏ నీళ్ళు పట్టారన్నది ఇంకో పేచీ. ఇత్తడి కుళాయిల్లో లేతు మీద కోత తేలిగ్గా పడాలని సీసం కలుపుతారు. రాత్రంతా ఆ కుళాయిలో నిలిచిన నీళ్ళకీ, ఐదు నిమిషాలు వదిలేశాక వచ్చే నీళ్ళకీ చాలా తేడా ఉండొచ్చు. అమెరికాలో ఫ్లింట్ అనే ఊరు మీరు వినే ఉంటారు. 2014 ఏప్రిల్‌లో నీటి వనరు నదికి మార్చారు, పైపులు తినేయకుండా వేయాల్సిన మందు వేయలేదు, సీసం ఇళ్ళలోకి వచ్చింది. అక్కడ ప్రజలకిచ్చిన సూచనల్లో, శాంపిల్ పట్టే ముందు రాత్రి కుళాయి కాసేపు వదిలేయమని రాశారు. పైపులో నిలిచిన సీసం ముందే కడుక్కుపోతుంది, రీడింగు తగ్గుతుంది. కెమిస్ట్రీలో ఒక్క తప్పూ లేదు, అంకె మాత్రం ప్రజలు తాగిన నీళ్ళది కాదు. మన దగ్గర పీవీసీ పైపుల్లో వేసే సీసపు స్టెబిలైజర్ల మీద కేంద్రం నియమాలు తెచ్చింది 2021లో. అంటే అంతకుముందు వేసిన పైపులు ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. శాంపిల్ ఎప్పుడు, ఎలా పట్టాలో ఇప్పుడు అర్థమైంది కదా?

ఇంతసేపూ ఉన్నది కనబడకపోవడం గురించి చెప్పాను. లేనిది కనబడటం కూడా అంతే పెద్ద రోగం. క్లెయిర్ ప్యాటర్సన్ అని, ఉల్కల్లో సీసం ఐసోటోపులు కొలిచి 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చినాయన. ఆ పనిలో ఆయన్ని ఏడిపించింది ఏమిటి? ల్యాబులో సీసం. గాలిలో, ధూళిలో, రసాయనాల్లో, గాజు సామానులో, బట్టల మీద, ఎక్కడ చూసినా సీసమే. పెట్రోలులో కలిపే సీసం అంతటా పరుచుకుంది. ఆయన గదికి వడగట్టిన గాలి పెట్టి, యాసిడ్లు తానే స్వేదనం చేసుకుని, నేల తుడిపించి తుడిపించి, అప్పుడు కొలిచాడు. 1980లో ఆయన ల్యాబు తాజా ట్యూనా చేపలో సీసం కొలిస్తే, అప్పటికి వేరే ల్యాబులు చెబుతున్న అంకె దానికి వెయ్యి రెట్లకు పైగా ఎక్కువని తేలింది. చేప అదే! మిగతా ల్యాబులు కొలిచింది ఎక్కువగా వాళ్ళ బల్ల మీది సీసాన్నే. అందుకే బ్లాంకు రీడింగు ఎంతో చెప్పని ల్యాబుని నేను నమ్మను. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో పూర్తిగా ఆగింది, ల్యాబు బ్లాంకులకి కూడా అది మంచిదే అయింది.

ఇక అసలు చూడనే చూడకపోవడం. బంగ్లాదేశ్‌లో 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్ళు కొన్ని గొట్టపు బావుల నీళ్ళు పరీక్షించి రిపోర్టిచ్చారు. చాలా మూలకాలు కొలిచారు, ఆర్సెనిక్ కొలవలేదు. ఆ తర్వాత వేలాది బావుల్లో సర్వే చేస్తే, లోతు తక్కువ బావుల్లో నాలుగో వంతుకు పైగా 50 మైక్రోగ్రాములు దాటి ఆర్సెనిక్ ఉంది. అక్కడి ఒక బాధితుడు ఇంగ్లండు కోర్టుకి వెళ్ళాడు, కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి 2006లో కొట్టేశారు. న్యాయం సంగతి లాయర్లకి వదిలేద్దాం. ఎనలిస్టుగా నాకు మాత్రం అది నిద్ర పట్టనివ్వని కథ. రిపోర్టులో ఆర్సెనిక్ వరస లేకపోతే చదివేవాడు దాన్ని ‘లేదు’ అనే చదువుకుంటాడు.

సరే, ఏవో ప్రశ్నలున్నాయంటున్నారు, అడగండి.

(రాగి చెంబులో నీళ్ళు తాగొచ్చా అని ఒకరు అడిగారు.) మంచినీళ్ళు రాత్రి పోసి పొద్దున తాగితే ఇబ్బంది ఉండదమ్మా, రాగి హద్దు సీసం హద్దంత తక్కువ కాదు, 0.05 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5 వరకు ఒప్పుకుంటారు. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు మాత్రం అందులో పోయొద్దు, యాసిడ్ రాగిని లాగేస్తుంది.

(ఏలూరు ఘటన గురించి ఇంకొకరు అడిగారు.) 2020 డిసెంబరులో. అవును, రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల వార్త వచ్చింది, తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్ళింది. కారణం మీద నేను తీర్పు చెప్పను. కొలతల వైపు ఒక్క మాట. రక్తంలో సీసాన్ని డెసిలీటరుకి మైక్రోగ్రాముల్లో చెబుతారు, నీళ్ళలో లీటరుకి. రక్తంలో 5 అంటే లీటరుకి 50. ఆ రోజుల్లో వాట్సాప్‌లో ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు, చూస్తుంటే ఒళ్ళు మండింది.

(ల్యాబుకి వెళితే ఏం అడగాలి?) నాలుగు ముక్కలు అడుగు బాబూ. ఏ పద్ధతి, సీసానికి మీ డిటెక్షన్ లిమిట్ ఎంత, ఈ రోజు బ్లాంకు ఎంత, నా నీళ్ళలోనే పది మైక్రోగ్రాములు కలిపి కొలిస్తే ఎంత వచ్చింది. ఆ ఆఖరిదాన్ని స్పైక్ రికవరీ అంటారు. తొమ్మిదో పదకొండో అదనంగా వచ్చిందంటే వాళ్ళని నమ్ము. నాలుగు వచ్చిందంటే నీళ్ళలో ఏదో అడ్డు పడుతోంది. ఎన్‌ఏబీఎల్ అని ల్యాబులకి గుర్తింపునిచ్చే సంస్థ ఉంది, దాని గుర్తింపు ఉందంటారు, ఆ గుర్తింపు ఏ లోహానికి, ఏ పద్ధతికి, ఎంత రేంజికి ఉందో వాళ్ళ స్కోపులో రాసి ఉంటుంది, అది చూడు. ఇవన్నీ అడిగితే విసుక్కునే ల్యాబు ఉంది, కూర్చోబెట్టి టీ ఇచ్చి చూపించే ల్యాబూ ఉంది.

(ఐసీపీ-ఎంఎస్ వచ్చాక ఇంకా టైట్రేషన్లు ఎందుకు నేర్పిస్తున్నారని ఒక విద్యార్థిని అడిగింది.) నవ్వకండి, మంచి ప్రశ్న. ఐసీపీ-ఎంఎస్‌కి పది మైక్రోగ్రాములంటే ఎంతో ఎలా తెలుసు? దానికి తెలియదు. సీసం స్టాండర్డ్ ద్రావణం మనం ఇస్తాం, దానితో పోల్చి చెబుతుంది. ఆ స్టాండర్డ్ సీసా మీద లీటరుకి 1000 మిల్లీగ్రాములు అని రాసి ఉంటుంది. ఆ వెయ్యి నిజంగా వెయ్యేనని ఎవరు తేల్చారు? దేశాల కొలతల సంస్థలు అలాంటి ద్రావణాలకి విలువ కట్టేటప్పుడు, శుద్ధమైన లోహాన్ని తూచి కరిగించడంతో పాటు ఈడీటీఏ టైట్రేషన్ కూడా వాడతాయి, ఎందుకంటే ఎక్కువ మోతాదులో ఉన్న లోహాన్ని వెయ్యిలో ఒక వంతు తేడా కూడా రాకుండా కొలవడం దానికి చేతనవును, మామూలుగా నడిపే ఐసీపీ-ఎంఎస్ ఒకటి రెండు శాతం అటూఇటూ అవుతుంది. నీ బ్యూరెట్ సరిగ్గా లేకపోతే ఆ మెషీన్ చెప్పే దశాంశాలకి ఆధారమే లేదు తల్లీ. సీసానికైతే జైలినాల్ ఆరెంజ్ ఇండికేటర్, హెక్సమిన్ వేసి పీహెచ్ 5, 6 మధ్య ఉంచాలి, ఎరుపు ఊదా నుంచి నిమ్మపండు పసుపుకి తిరుగుతుంది, ఎరియోక్రోమ్ కంటే అందంగా ఉంటుంది. మీ ల్యాబులో హెక్సమిన్ ఉంటుంది, మేష్టారిని అడిగి రేపే చేసి చూడండి. మిగిలిన సీసం ద్రావణం మాత్రం సింకులో పోయొద్దు.